ప్రకాశం పంతులు వెనక జనం

మా నాలుగో తరగతి తెలుగు వాచకంలో ప్రకాశం పంతులుగారి పాఠం పక్కన ఒక బొమ్మ ఉండేది. చొక్కా బొత్తాలు విప్పి రొమ్ము చూపిస్తూ నిలబడ్డ మనిషి. ఆయనకెదురుగా తుపాకీ ఎక్కుపెట్టిన సిపాయి. ఇంకేమీ లేదు. ఆ ఇద్దరి వెనకా ఉత్త తెల్లకాగితం. ఆ ఖాళీ నాకు నచ్చక ఒకరోజు పెన్సిల్‌తో అక్కడ ఒక చెట్టు గీశాను. మద్రాసు వీధి అని పాఠంలో ఉంది కాబట్టి చెట్టు పక్కన ఒక దీపస్తంభం కూడా పెట్టాను. మనుషుల్ని గీయాలని మాత్రం నాకు తోచలేదు.

అది 1978. మా ఊరు ఒంగోలుకు దగ్గర్లోనే. ఇన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాక కూడా, దేశనాయకుడు అన్న మాట వింటే నా కళ్లముందుకు మొదట వచ్చేది ఆ బొమ్మే. ఒంటరిగా నిలబడ్డ ఒక మనిషి, ఆయన వెనక నేను గీసిన చెట్టు.

మాకు ఆ పాఠం మిగతా పాఠాల్లాంటిది కాదు. ఆయన పుట్టింది మా వైపే, వినోదరాయునిపాలెంలో, 1872లో. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు. రెండేళ్లకు, ఆయన పుట్టి నూరేళ్లయిన 1972లో, దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. మేం పలక మీద అడ్రసు రాయడం నేర్చుకున్నప్పుడు చివరి వరసలో రాసేది ఆయన పేరే. అందుకే మా మాస్టారు ఆ పాఠం చెప్పేటప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడేవారు. ఆయన లేచారని మేమూ లేచేవాళ్లం. ఎందుకు లేచామో తెలియదు. లేవాలనిపించేది.

పాఠంలో "చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి పేదరికంలో పెరిగారు" అని ఒక వాక్యం ఉంది. ఇంటికొచ్చి చదువుతుంటే మా నాయనమ్మ విన్నది. ఆమె పుట్టిల్లు ఒంగోలు. "పేదరికం అంటే ఏందనుకున్నావే, వాళ్లమ్మ సుబ్బమ్మగారు పూటకూళ్ల ఇల్లు నడిపింది ఒంగోల్లో. వచ్చేపోయే వాళ్లకి వండిపెట్టి ఆ డబ్బుల్తో కొడుకుని చదివించింది" అని చెప్పింది. పూటకూళ్ల ఇల్లు అంటే ఏమిటో, అందులో ఎంత పని ఉంటుందో, ఎవరెవరు ఎలాంటి మాటలంటారో అంతా చెప్పింది. నాకు ఆ సుబ్బమ్మగారు పొయ్యి ముందు కూర్చున్నట్టే కనపడింది. అర్ధసంవత్సర పరీక్షలో "ప్రకాశం బాల్యం గురించి రాయుము" అని ప్రశ్న వస్తే, ఆనందంగా పూటకూళ్ల ఇంటి సంగతంతా రాశాను. మాస్టారు ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసి, పక్కన "పుస్తకంలో ఉన్నది రాయి" అని రాశారు.

ఆయన మంచి మనిషి. ఇప్పుడు నేనూ టీచర్ని కాబట్టి ఆయన ఎందుకలా చేశారో నాకు తెలుసు. జవాబుపత్రం ఎవరైనా పైవాళ్లు చూస్తే పుస్తకంలో లేనిదానికి మార్కెందుకు వేశావని అడుగుతారు. కానీ తొమ్మిదేళ్ల పిల్లకు ఆ ఎర్ర గీత చెప్పింది వేరు. సుబ్బమ్మగారు నాయనమ్మ కబుర్లలో ఉండాల్సిన మనిషి, పుస్తకంలో ఉండాల్సిన మనిషి కాదు అని చెప్పింది. నేను దాన్ని చాలా ఏళ్లు నమ్మాను.

ఆ పాఠాల భాష గురించి కూడా చెప్పాలి. తెలుగులో మనిషి పుట్టడానికీ పోవడానికీ ఎన్ని మాటలున్నాయో నాకు తెలిసింది ఆ వాచకాల వల్లనే. గాంధీజీ జన్మించారు, మా తాత పుట్టాడు. నెహ్రూజీ పరమపదించారు, మా తాత పోయాడు. నాయకులు ఎప్పుడూ ఎవరో ఒక పుణ్యదంపతులకే జన్మించేవారు. మా అమ్మానాన్నలు పుణ్యదంపతులు కారా అని నేనొకసారి అడిగితే మా అమ్మ నవ్వలేదు, కాసేపు ఊరుకుని, "మనల్ని అట్లా అనరమ్మా" అంది. అల్లూరి సీతారామరాజు ఒక్కడికే మా పుస్తకంలో "డు" ఉండేది. పోరాడాడు, నిలిచాడు, నేలకొరిగాడు. అందుకేనేమో రాజు మాకు అన్నలాగా అనిపించేవాడు, దగ్గరివాడు. మిగిలిన వాళ్లందరూ "రు"లో, ఎత్తుమీద ఉండేవారు.

వరసలు కూడా పుస్తకమే కలిపేది. గాంధీ తాత. చాచా నెహ్రూ. చాచా అంటే చిన్నాన్న అని మాకెవరూ చెప్పలేదు. అది ఆయన ఇంటిపేరనుకుని పరీక్షలో చాచా జవహర్‌లాల్ నెహ్రూ అని పూర్తిపేరు రాసిన వాళ్లం మా తరగతిలో చాలామంది ఉన్నాం. తాతని ఎవరైనా ప్రశ్నిస్తారా? చిన్నాన్న చేసిన పని తప్పా ఒప్పా అని పదేళ్ల పిల్లలు లెక్కేస్తారా? వరస కలిపిన చోట లెక్క అడగడం మనకు అలవాటు లేదు. మా నాయనమ్మ ప్రధానమంత్రిని ఇందిరమ్మ అనేది, ఇంట్లో మనిషిని తలుచుకున్నట్టు. పుస్తకం నేర్పిందీ అదే, ఇల్లు నేర్పిందీ అదే.

చాలా ఏళ్ల తర్వాత ఒక శిక్షణ తరగతిలో ఫ్రెడ్ గ్రీన్‌స్టీన్ అనే అమెరికన్ రాజనీతి పండితుడి గురించి విన్నాను. 1958లో న్యూ హేవెన్ ఊళ్లో నాలుగు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని ఆయన ప్రశ్నలడిగాడట. నాయకులు ఏం పని చేస్తారో సరిగా తెలియని పిల్లలు కూడా, వాళ్లు చాలా మంచివాళ్లని మాత్రం గట్టిగా చెప్పారట. తెలియడం కంటే ముందే ఇష్టం వచ్చేస్తుందన్నమాట. ఆ మాట వినగానే కుర్చీలోంచి లేచిన మా మాస్టారు, ఆయనతోపాటు లేచిన మేం గుర్తొచ్చాం.

వాచకం మొదటి పేజీలో ప్రతిజ్ఞ ఉండేది. "భారతదేశం నా మాతృభూమి. భారతీయులందరు నా సహోదరులు." ప్రార్థనలో చెయ్యి చాచి ఒకరు చెబితే మిగతావాళ్లం అందుకునేవాళ్లం. ఆ పేజీకి ముందో వెనకో ప్రభుత్వ పాఠ్యపుస్తక ముద్రణాలయం, మింట్ కాంపౌండ్, హైదరాబాదు అని ఉండేది. ఆ ముద్రణాలయమే ప్రతిజ్ఞను రాసిందని మా నమ్మకం. దాని కింద ఎవరి పేరూ లేదు మరి. ఆ ప్రతిజ్ఞ రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు అనీ, 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు తెలుగులో రాశారనీ, తర్వాత అది దేశంలోని భాషలన్నిటిలోకీ వెళ్లిందనీ నాకు తెలిసేసరికి నేను తెలంగాణలో ఉద్యోగం చేస్తున్నాను. అప్పటికి ఆయన పోయి చాలా ఏళ్లయింది. నాయకుల పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల పేర్లు కంఠతా పట్టించిన పుస్తకం, తన మొదటి పేజీ ఎవరు రాశారో చెప్పలేదు.

ఇక నాటకం సంగతి.

ఆగస్టు పదిహేనుకు మా మాస్టారు ప్రకాశం పాఠాన్ని నాటకంగా వేయిద్దామన్నారు. ప్రకాశం వేషం ఊళ్లో పెద్ద రైతు కొడుక్కి వచ్చింది. వాడికి బొత్తాలున్న తెల్లచొక్కా ఉంది. సిపాయికి కర్రే తుపాకీ. నాకు భారతమాత వేషం. మా అమ్మ పట్టుచీర మడతలు పెట్టి కట్టి, స్టూలు మీద నిలబెట్టి, జెండా చేతికిచ్చారు. నాకు మాటలు లేవు. మొత్తం సేపు నిలబడాలి, కదలకూడదు.

మా తరగతిలో నాకు లెక్కలు చెప్పిపెట్టే పిల్లవాడు ఒకడుండేవాడు. వాడ నుంచి వచ్చేవాడు. నా స్నేహితుడు. పాఠాలు ఒకసారి వింటే వాడికి అక్షరం పొల్లుపోకుండా వచ్చేది. ప్రకాశం మాటలన్నీ వాడికి కంఠతా వచ్చు. వాడు మాస్టారి దగ్గరికి వెళ్లి, ప్రకాశం కాకపోయినా పర్లేదు, వెనక జనంలో నిలబడి "సైమన్ గోబ్యాక్" అంటానన్నాడు. మాస్టారు పుస్తకం తెరిచి చూసి, "ఇందులో జనం లేరురా" అన్నారు. నిజమే. పాఠంలో "ప్రజలు నిరసన తెలిపారు" అని ఒక ముక్క ఉంది గానీ, ఆ ప్రజలకు మాట లేదు, బొమ్మ లేదు. వాడు సరేనండీ అని వెళ్లిపోయాడు. నేను స్టూలు మీద నుంచి చూస్తూనే ఉన్నాను.

మా మేనమామ కమ్యూనిస్టు. ఎండాకాలం సెలవులకు అమ్మమ్మగారింటికి వెళితే, వసారా గోడకు పుచ్చలపల్లి సుందరయ్యగారి ఫొటో ఉండేది. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన మనిషి అని మామయ్య గర్వంగా చెప్పేవాడు. ఒకరోజు నేను సూటిగా అడిగేశాను, "మా పుస్తకంలో ఈయన లేడు కదా మామయ్యా, మరి గొప్పవాడెట్లా అవుతాడు?" అని. మామయ్యకు కోపం రాలేదు. చాలాసేపు ఆలోచించాడు. "పుస్తకంలో గాంధీగారున్నారు. ఆయనకు పార్టీ ఉన్నట్టు ఉందా?" అన్నాడు. లేదన్నాను. "నెహ్రూగారు ఎలక్షన్లో నిలబడ్డట్టు ఉందా?" లేదన్నాను. "ప్రకాశం పంతులు కాంగ్రెస్‌ను వదిలిపెట్టి వేరే పార్టీలోకి పోయినట్టుందా?" ఆ మాటకు నేను అదిరిపోయాను. ప్రకాశం పంతులు దేన్నో వదిలిపెట్టి పోవడమేంటి?

ఆయన చెప్పింది నిజమే. 1952 ఎన్నికల నాటికి ప్రకాశం కాంగ్రెస్‌లో లేరు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో ఉన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది తిరిగిందో లేదో, 1954 నవంబరులో, మద్యనిషేధం గొడవ మీద ఆయన ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఎనభై రెండేళ్ల మనిషి కర్నూలులో ఆ ఓటు లెక్కింపు వింటూ కూర్చున్న దృశ్యం, తుపాకీకి ఎదురు నిలిచిన దృశ్యం కన్నా నన్ను ఎక్కువ కదిలిస్తుంది. మా పాఠంలో దానికి చోటు లేదు. "ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా సేవలందించారు" అన్న ఒక్క వాక్యంలో ఆ ఏడాదంతా ఒదిగిపోయింది.

మా పుస్తకాల్లో నాయకులు ఎప్పుడూ ఓడిపోలేదు. ఒకరితో ఒకరు విభేదించలేదు. పరాయి వాళ్లతో తప్ప ఎవరితోనూ పోట్లాడలేదు. ఇది పిల్లల మనసు నొప్పించకూడదని చేసిన పనే కావచ్చు. కానీ దానివల్ల మాకు ఒక వింత నమ్మకం కుదిరింది. మంచివాళ్లంతా ఒకే మాట మీద ఉంటారు, వాదించుకునేవాళ్లు చెడ్డవాళ్లు అని. 1978లో చెయ్యి గుర్తు కొత్తగా వచ్చినప్పుడు, పుస్తకంలో ఉన్న నెహ్రూగారి కూతురి గుర్తు కాబట్టి అది మంచి గుర్తు అనుకున్నాను. సుత్తీ కొడవలి గీసిన గోడ చూస్తే, మామయ్య మీద ఎంత ప్రేమ ఉన్నా, లోపల ఏదో జంకు. 1983 జనవరిలో ఊరు ఊరంతా పసుపు జెండాల్లో మునిగినప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్లు భోజనాల దగ్గర గట్టిగట్టిగా వాదించుకుంటుంటే, నేను కంచం వదిలేసి లేచిపోయాను. పద్నాలుగేళ్ల పిల్లని. రాజకీయం మాట్లాడితే ఇల్లు విరిగిపోతుందని భయం. ఆ భయం నాకు ఎవరూ చెప్పి నేర్పలేదు, నాలుగైదేళ్ల వాచకాలు చదివి నేర్చుకున్నాను.

సీతారామరాజు పాఠం గురించి ఒక్క మాట. కాషాయం, గడ్డం, విల్లు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి, 1924 మే 7న కొయ్యూరులో మరణం. ఇవన్నీ నోటికొచ్చేవి. కానీ పోడు కొట్టుకోనివ్వని అడవి చట్టాల గురించి, కూలి ఇవ్వకుండా ఘాట్ రోడ్డు పని చేయించడం గురించి మాకెవరూ చెప్పలేదు. రాజు ఎందుకు కోపగించుకున్నాడో తెలియకుండానే రాజు కోపాన్ని ప్రేమించాం. గాం గంటందొర, మల్లుదొర మా పుస్తకంలో "అనుచరులు" అన్న ఒక్క మాటలో ఉన్నారు. ఆ మల్లుదొర ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడని తెలిసిన రోజు నాకు పట్టరాని సంతోషం వేసింది. అనుచరుడనుకున్న మనిషికి ఒక కథ ఉందని, అది రాజు చనిపోయాక కూడా సాగిందని. వెంటనే ఆ సంతోషం పోయి బాధ వచ్చింది. ఇది నాకు పదేళ్లప్పుడు ఎందుకు చెప్పలేదు?

అయిదో తరగతిలో చీరాల పేరాల పాఠం వచ్చింది. మా జిల్లా కథే. ఊరిని మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద 1921లో పదివేల మందికి పైగా జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలి, ఊరి బయట రామ్‌నగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఎండలో, వానలో, చంటిపిల్లలతో. ఆ పాఠం మా అందరికీ ఇష్టం. మొదటిసారి పుస్తకంలో జనం కనపడ్డారు. సెలవుల్లో మేం తాటాకులు తెచ్చి దొడ్లో రామ్‌నగర్ కట్టుకుని ఆడుకున్నాం. నా స్నేహితుడూ వచ్చాడు ఆ ఆటకి. మా నాయనమ్మ వాణ్ణి దొడ్డిలోకి రానిచ్చింది గానీ, దాహమేస్తే నీళ్లు పైనుంచి పోసింది, దోసిట్లోకి. బళ్లో కూడా అంతే, కుండ వాడు ముట్టుకునేవాడు కాదు. మాకది వింతగా అనిపించలేదు. అలా అనిపించకపోవడం తలుచుకుంటే ఇవాళ నాకు నిద్ర పట్టదు.

వాళ్లింట్లో గోడ మీద నీలం కోటు వేసుకున్న ఒకాయన బొమ్మ ఉండేది. వాడు ఒకసారి బళ్లో మాస్టార్ని అడిగాడు, "అంబేద్కర్ పాఠం ఎప్పుడొస్తుందండీ?" అని. "పెద్ద తరగతుల్లో వస్తుందిలే, రాజ్యాంగం రాశారు" అన్నారు మాస్టారు. ఏడో తరగతి దాకా వాడితో కలిసి చదివాను. మా పుస్తకాల్లో ఆయనకు వచ్చింది రాజ్యాంగ నిర్మాత అన్న ఒక వరస. చిన్నప్పుడు బళ్లో నౌకరు పైనుంచి పోస్తే తప్ప నీళ్లు తాగే వీలు లేని పిల్లవాడని, ఆ నౌకరు రాని రోజు దాహంతోనే ఉండేవాడని నేను చదివింది పెళ్లయ్యాక. చదువుతుంటే మా దొడ్డి, దోసిలి పట్టిన నా స్నేహితుడు, చెంబు వంచిన మా నాయనమ్మ. ఆ ఒక్క సంగతి మా నాలుగో తరగతి వాచకంలో ఉండి ఉంటే, పాఠం చదివిన సాయంత్రం నేను మా నాయనమ్మని ఏదో ఒకటి అడిగి ఉండేదాన్ని. అడిగేదాన్నని గట్టిగా నమ్ముతాను.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ, ఆరుగురు దళితుల్ని చంపేదాకా వెళ్లింది. బతికినవాళ్లు ఊరు వదిలి చీరాల చేరి, అక్కడే శిబిరం వేసుకున్నారు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. అదే చీరాల. ఊరు వదిలేసి బయట పాకల్లో ఉన్న జనం గురించి చదివి దొడ్లో ఆట ఆడుకున్న పిల్లలం మేం. మా కళ్లముందు, మా జిల్లాలో, మళ్లీ జనం ఊరు వదిలి అదే చీరాలలో గుడారాల్లో ఉన్నారు. మా ఇళ్లల్లో ఎవరూ ఆ రెంటినీ కలిపి మాట్లాడలేదు. ఒకటి దేశభక్తి, రెండోది గొడవ. పన్నుకు ఒప్పుకోక ఊరు వదిలితే అది పాఠమైంది. ప్రాణభయంతో ఊరు వదిలిన వాళ్లు పేపర్లో వార్తగా మిగిలారు. ఎవరి బాధ దేశం బాధగా లెక్కకొస్తుందో మా వాచకాలు మాకు చాలా చిన్నప్పుడే అలవాటు చేశాయి. ఆ ఏడాది తర్వాతే నేను ఆ నీలం కోటాయన్ని వాడల్లో కాకుండా వీధుల్లో, గోడల మీద చూడటం మొదలుపెట్టాను. ఆయన మా పుస్తకం చెబితే రాలేదు, వాళ్లు తీసుకొస్తే వచ్చారు.

పెళ్లయ్యాక వరంగల్ వెళ్లాను. 1990ల మధ్యలో టీచరు ఉద్యోగం వచ్చింది, పాలకుర్తి వైపు ఒక పల్లెలో. పుస్తకం మాత్రం అదే మింట్ కాంపౌండ్ పుస్తకం. మొదటి ఏడాది పొట్టి శ్రీరాములుగారి పాఠం చెప్పాను. 1952 అక్టోబరు 19న మద్రాసులో, మైలాపూరులో, బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో మొదలుపెట్టిన దీక్ష, 58 రోజులకు డిసెంబరు 15న ప్రాణం పోయేదాకా. నాకు చెబుతుంటే గొంతు పూడుకుపోయేది. ఆ రోజూ అంతే. "ఆయన ప్రాణత్యాగం వల్ల మనకు రాష్ట్రం వచ్చింది" అని ముగించాను.

ఒక ఆడపిల్ల లేచింది. "టీచర్, అప్పుడు మనది ఏ రాష్ట్రం?" అని అడిగింది.

నేను ఆగిపోయాను. 1952లో ఆ పల్లె హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి. మద్రాసులో ఆ పెద్దమనిషి నీరసించిపోతున్న రోజుల్లో ఆ పిల్ల తాతముత్తాతలు వేరే రాజధాని, వేరే కష్టాలు, వేరే పోరాటాల మధ్య ఉన్నారు. రెండూ కలిసింది 1956 నవంబరు 1న. తెలుగులో "మేము" వేరు, "మనం" వేరు. ఎదుటివాళ్లని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఆ తేడా చంటిపిల్లలకు కూడా తెలుసు. మా వాచకం ఎప్పుడూ మనం అనే అంది. ఆ పిల్ల ఆ "మన"లో తను ఉందా లేదా అని అడిగింది. నేను ఒంగోలు నుంచి తెచ్చుకున్న "మన"ని ఆమె మీద కప్పబోయాను.

ఆ సాయంత్రం ఆ పిల్ల నాయనమ్మ బడికొచ్చింది. "గీ పుస్తకంల మా ఐలమ్మ ముచ్చట ఉన్నదా పంతులమ్మా?" అని అడిగింది. లేదన్నాను. వరండాలో కూర్చుని ఆమే చెప్పింది. విసునూరు భూస్వామి దేశ్‌ముఖ్ మనుషులు పంట ఎత్తుకుపోవడానికి వస్తే, చాకలి ఐలమ్మ తన నాలుగెకరాల కోసం ఎట్లా కొట్లాడిందో, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు ఎట్లా అండగా నిలబడ్డారో. "నేను జూసిన ఆమెను. మొన్నమొన్నటిదాంక బతికే ఉన్నది" అంది. ఐలమ్మ పోయింది 1985లో. నేను ఇంటర్ చదువుతూ దేశభక్తుల గురించి వ్యాసాలు రాస్తున్నప్పుడు, ఆమె పాలకుర్తిలో బతికే ఉంది. కడవెండిలో 1946 జూలై 4న తుపాకీ గుండుకు పడిపోయిన దొడ్డి కొమరయ్య గురించి కూడా ఆ ముసలమ్మే చెప్పింది. అంతా విన్నాక నేను మా సుబ్బమ్మగారి పూటకూళ్ల ఇంటి కథ చెప్పాను. ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. "ఎక్కడైనా తల్లి కష్టమే బిడ్డా" అంది.

మర్నాటి నుంచి నేను పాఠం మార్చలేదు, మార్చే అధికారం నాకు లేదు. పాఠం అయ్యాక పుస్తకం మూసి, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రండి, ఆ రోజుల్లో మన ఊళ్లో ఏం జరిగింది అని చెప్పడం మొదలుపెట్టాను. పరీక్షలో పిల్లలు ఇంట్లో విన్నది రాస్తే మార్కు కొట్టలేదు.

2014 జూన్ 2 తర్వాత పుస్తకాలు మారాయి. కొమురం భీం వచ్చాడు, ఐలమ్మ వచ్చింది. పిల్లలు తమ ఊరి పేర్లు అచ్చులో చూసి వేళ్లతో తడిమి చదివారు. నాకు కన్నీళ్లొచ్చాయి. అయితే నేను చెప్పే తరగతి పుస్తకంలో శ్రీరాములుగారు ఇక లేరు. ఆయన ఆంధ్ర రాష్ట్రం కోసమే కాదు, అంతకు ముందు నెల్లూరులో దళితుల ఆలయ ప్రవేశం కోసం కూడా నిరాహారదీక్ష చేశారు. ఆ సంగతి పాత పుస్తకమూ సరిగా చెప్పలేదు, కొత్త పుస్తకానికీ అక్కర్లేకపోయింది. కొత్త పాఠాల్లో బొమ్మలు చూశాను. ఐలమ్మ ఒక్కతే, చేతిలో కర్ర. భీం ఒక్కడే, చేతిలో తుపాకీ. వెనక తెల్లకాగితం. పేర్లు మారాయి, ఆ ఖాళీ మారలేదు.

సెప్టెంబరు 17 సంగతి మరీ కష్టం. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన రోజు. విమోచన అని కొందరు, విలీనం అని కొందరు, విద్రోహం అని కొందరు. 2022లో రాష్ట్రం సమైక్యతా దినం అంది, కేంద్రం విమోచన అంది. 2024లో ప్రజాపాలన దినోత్సవమైంది. పిల్లలు బోర్డు మీద ఏ మాట రాయాలి టీచర్ అని అడుగుతారు. నేను అన్ని మాటలూ రాయిస్తాను. ఒక్కో మాట ఎవరిదో, వాళ్లకు ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. పీరియడ్ సరిపోదు. అయినా అదే నేను చెప్పే పాఠాలన్నిటిలో పిల్లలు కదలకుండా వినే పాఠం.

2024 జూన్‌లో బడి తెరిచిన రోజు తెలుగు పుస్తకాలు పంచాం. పిల్లలు ఇంకా వాసన చూస్తుండగానే వెనక్కి తీసుకోమని మాట వచ్చింది. ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరు అలాగే ఉండిపోయిందట. నేను తిరిగి ఒక్కొక్కరి చేతుల్లోంచి పుస్తకాలు తీసుకున్నాను. ఒక బాబు ఇవ్వలేదు, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "పాఠాలు తప్పున్నాయా టీచర్?" అని అడిగాడు. లేవు నాన్నా అన్నాను. "మరి?" అన్నాడు. వాడికి సరిగ్గా చెప్పడానికి నాకు అరగంట పట్టింది. పుస్తకం రాసేవాళ్లు వేరు, వేయించేవాళ్లు వేరు, ఎన్నికల్లో గెలిచేవాళ్లు మారుతుంటారు, గెలిచినవాళ్ల పేర్లు పుస్తకాల్లోకి వచ్చిపోతుంటాయి అని. ఈమధ్య పుస్తకాల మీద చట్టాలను గౌరవించమనీ, హక్కులను పొందమనీ ఒక వాక్యం అచ్చువేస్తున్నారు. ఆ వాక్యం నాకు ఇష్టం. ఆ రోజు ఆ బాబు అడిగిన ప్రశ్న కూడా ఆ హక్కుల్లో ఒకటే.

ఇంతకీ ఆ బొమ్మ సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో వరంగల్‌లో ఒక లైబ్రరీలో ఆనాటి సంగతి వివరంగా చదివాను. 1928 ఫిబ్రవరి 3, మద్రాసు. సైమన్ కమిషన్ మీద హర్తాళ్. హైకోర్టు దగ్గర జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఒక యువకుడు చనిపోయాడు. ఆ శవాన్ని చూడటానికి ప్రకాశం వెళుతుంటే సిపాయిలు తుపాకులు అడ్డం పెట్టారు. అప్పుడు ఆయన చొక్కా విప్పి కాల్చమన్నారు. వాళ్లు దారి వదిలారు.

ఆయన ధైర్యం చూపించడానికి అక్కడికి వెళ్లలేదు. వీధిలో పడిపోయిన ఒక కుర్రవాణ్ణి చూడటానికి వెళ్లారు. మా బొమ్మలో ఆ కుర్రవాడు లేడు. వాడి కోసం వచ్చిన జనం లేరు. ఆ జనం మధ్యలోంచి, ఆ శవం వైపు నడిచిన ప్రకాశం, నేను నాలుగో తరగతి నుంచి ప్రేమించిన ప్రకాశం కంటే ఎంతో పెద్ద మనిషి. పుస్తకం ఆయన్ని ఎత్తుగా చూపించాలని ఒంటరిని చేసి, చిన్నవాణ్ణి చేసింది. లైబ్రరీలో కూర్చుని నేను గీసిన చెట్టు గుర్తు తెచ్చుకుని ఏడ్చాను. అది వాళ్లు నిలబడ్డ చోటు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఒంగోలులో నా చిన్ననాటి స్నేహితుణ్ణి కలిశాను. బ్యాంకులో చేసి ఈమధ్యే రిటైరయ్యాడు. వాళ్లింట్లో హాల్లో అదే నీలం కోటు బొమ్మ, ఇప్పుడు పెద్ద ఫ్రేములో. వాడి భార్య గ్లాసుతో నీళ్లిచ్చింది. తాగుతూ ఉంటే నా చెయ్యి వణికింది. దొడ్డి సంగతి, నీళ్ల సంగతి, ఇన్నేళ్లుగా చెప్పలేకపోయిన మాటంతా చెప్పాను. వాడు "అప్పుడు నువ్వెంతదానివి" అన్నాడు. నాటకం గుర్తుందా అని అడిగాను. గుర్తుందన్నాడు. వాడు ఆ రోజు కిటికీ బయట నిలబడి చూశాడట, నాటకమంతా, ప్రకాశం మాటలు తనూ లోపల అనుకుంటూ.

నేను లైబ్రరీలో చదివింది చెప్పాను. హైకోర్టు దగ్గర కాల్పులు, పడిపోయిన యువకుడు, ఆ శవం కోసం నడిచిన ప్రకాశం. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అయితే ఉన్నారన్నమాట జనం" అన్నాడు. కాసేపాగి, "ఆ పడిపోయినోడి వేషమిచ్చినా వేసేవాణ్ణి గదా" అన్నాడు.